ఐదో వంతు

ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి రెండు దారులున్నాయి. ఒకటి, ప్రాజెక్టు చెయ్యడం. రెండోది, చేసేవాళ్ళని వెతికి పట్టుకుని వాళ్ళ బ్యాచ్‌లో పేరు రాయించుకోవడం. జయంత్ మొదటి సంవత్సరం నుంచీ రెండో దారినే వస్తున్నాడు. అతని డ్రాయింగ్ షీట్లు సీనియర్లు గీసినవి. ల్యాబ్ రికార్డులు కనకమహాలక్ష్మి రాసినవి. పరీక్షలు మాత్రం సొంతంగానే రాసేవాడు, అదీ ముందు బెంచీలో ఎవరు పడ్డారో చూసుకున్నాక.

థీసిస్ టైటిల్ రిజిస్ట్రేషన్‌కి ఆఖరి రోజు డిసెంబరు పదహారు. సాయంత్రం ఐదింటికి పోర్టల్ మూసేస్తారు. మధ్యాహ్నం మూడైనా జయంత్‌కి, అతని ఇద్దరు స్నేహితులు లోహిత్, నిఖితలకి గైడూ లేడు, టైటిలూ లేదు. కనకానికి రెండూ ఉన్నాయి గానీ బ్యాచ్ లేదు. బ్యాచ్ అంటే కచ్చితంగా నలుగురు, ఒకరు తగ్గినా ఫారం ముందుకు కదలదు. నాలుగేళ్ళుగా ఎవరితోనూ కలవకుండా చదువుకున్న పిల్లకి ఆ రోజు ముగ్గురు కావలసి వచ్చారు. అలా ఆ ముగ్గురి అదృష్టం పండింది.

కనకం పలాస పిల్ల. తల్లి నరసమ్మ జీడిపప్పు కార్ఖానాలో గింజలు కొట్టి, ఆ జీడి నూనెకి చేతులు నల్లబరుచుకుని ఆమెని చదివించింది. మూడేళ్ళుగా ఆవిడ పనికి వెళ్ళడం లేదు. ఎందుకన్నది తరగతిలో ఎవరూ అడగలేదు, కనకమూ చెప్పలేదు.

ఆమె పెట్టిన షరతు ఒక్కటే. పేర్లు పెట్టుకోండి, పనంతా నేనే చేసుకుంటాను, కానీ తొంభై రోజులు ఎవరి పట్టీ వాళ్ళే పెట్టుకోవాలి, తియ్యకూడదు అంది. ఏం పట్టీ అని కూడా అడక్కుండా ముగ్గురూ తలలూపారు. ఆ గంటలో తలకిందులుగా నిలబడమన్నా నిలబడేవాళ్ళే. పదకొండు పేజీల అంగీకారపత్రం మీద నిలబడే సంతకాలు చేశారు. నాలుగో పేజీ మొదటి వాక్యం, 'మరొకరి నొప్పిలో నా వాటాని స్వీకరించడానికి సమ్మతిస్తున్నాను' అని. జయంత్ ఆ పేజీని తిప్పుతూ, పెన్ను సరిగా రాయడం లేదని విసుక్కున్నాడు.

గైడు సత్యారావు సార్. ఆయన ఆరేళ్ళుగా ఆ పట్టీల మీదే పనిచేస్తున్నాడు. చెవి వెనక నుంచి కణతదాకా అంటుకునే రబ్బరు పట్టీ అది, చూడ్డానికి దెబ్బకి వేసే ప్లాస్టరులా ఉంటుంది. రిజిస్ట్రేషన్ అయిన మర్నాడు ల్యాబ్‌లో ఒక బకెట్టు నిండా ఐసు ముక్కలు పోయించి, తనతో కలిపి అయిదుగురూ తలో పట్టీ పెట్టుకున్నాక, కనకాన్ని అందులో చెయ్యి ముంచమన్నాడు. మామూలుగా ఎవరికైనా రెండు నిమిషాలకి ఎముకల్ని కొరికేస్తున్నట్టుంటుంది. కనకం పావుగంట ముంచి ఉంచి, రెండో చేత్తో పేపరు తిరగేస్తూ కూర్చుంది. చేతులు పొడిగా ఉన్న మిగతావాళ్ళ అరచేతులు మాత్రం సన్నగా లాగసాగాయి. నిఖిత భయపడి తన పట్టీ పీకేసింది. వెంటనే మిగిలిన నలుగురూ ఒక్కసారి మొహాలు చిట్లించారు.

"చూశారా? నొప్పి ఎక్కడికీ పోదు. ఇక్కడ తగ్గింది అక్కడ చేరుతుంది. మోసే తలలు ఎన్ని ఉంటే అన్ని వాటాలు. అయిదు తలలని రిజిస్టర్ చేశాం కాబట్టి అయిదు పట్టీలూ పనిచెయ్యాలి. ఒక్కటి గంటసేపు ఆగిందంటే సర్వర్ మొత్తం లైన్ కట్ చేసేస్తుంది. కట్ చేస్తే ఎవరి నొప్పి వాళ్ళకే," అన్నాడు సత్యారావు.

ఆ అయిదో తల, అంటే అసలు నొప్పి ఉన్న తల, నరసమ్మది. జనవరి మొదటివారంలో కనకం ఆవిణ్ణి రైల్లో విశాఖపట్నం తీసుకొచ్చింది. ఆవిడ మొహం చుట్టూ తువ్వాలు. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ల్యాబ్‌లోకి అడుగుపెట్టగానే చెయ్యెత్తి ఫ్యాన్ వైపు చూపించింది. కనకం పరుగెత్తి ఫ్యాన్ ఆపింది. అయిదేళ్ళ కిందట కుడి చెంపలో ఒక నరం చెడిపోయింది. గాలి తగిలినా, నీళ్ళు తగిలినా, మాట్లాడినా, నమిలినా కరెంటు తీగ పెట్టినట్టు కొడుతుంది. మందులు ఏడాది పనిచేసి మానేశాయి. ఒకసారి ఆపరేషన్ చేస్తే పది నెలలకే తిరగబెట్టింది. ఇది ప్రాణం తీసే జబ్బు కాదమ్మా అని డాక్టర్లు ధైర్యం చెప్పారు. తియ్యదు కాబట్టే మూడేళ్ళుగా ఆవిడ గంజి స్ట్రాతో తాగుతూ, ఒక్క మాట లేకుండా బతుకుతోంది.

పట్టీ అంటించి కంప్యూటర్‌లో నొక్కారు. రెండు నిమిషాలు ఏమీ కాలేదు. తరవాత నరసమ్మ నెమ్మదిగా తువ్వాలు విప్పింది. చెంప మీద వేలు పెట్టుకుంది. కాసేపాగి, "ఫేను ఎయ్యండమ్మా, ఉక్కగున్నాది," అంది. కనకం తల్లి గొంతు విని మూడేళ్ళయింది. స్విచ్చి దగ్గర నిలబడి, అది వెయ్యడం మరిచిపోయి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

క్యాంటీన్ నుంచి భోజనం తెప్పించారు. నరసమ్మ అన్నం, వంకాయ కూర, అప్పడం తింది. అప్పడం చప్పుడు చేస్తూ నమిలింది. మారు వడ్డించమంది. నమిలినప్పుడల్లా జయంత్ కుడి దవడలో, అన్నంలో రాయి పంటికింద పడ్డట్టు చురుక్కుమంటోంది. అయినా అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరికి రావలసింది వాళ్ళకి ఇచ్చెయ్యాలి కదా, ఆ రోజు జయంత్ నిజంగానే మంచివాడు. నరసమ్మ చెయ్యి కడుక్కొచ్చి నలుగురి తలల మీదా చెయ్యివేసి, "నా తండ్రులారా, నా తల్లులారా," అంది. ఆవిడ ఊరెళ్ళే రైలెక్కినప్పుడు సంచి అతనే మోశాడు.

ఆ మంచితనం తొమ్మిది రోజులుంది.

ఐదో వంతు అంటే చిన్న నొప్పే. పుచ్చిపోయిన పన్ను ఒకటి ఎప్పుడూ సలుపుతూ ఉన్నట్టు, అంతే. ఆ అంతే అన్నదే చిక్కు. పొద్దున్న అయిదింటికి పలాసలో నరసమ్మ మొహం కడుక్కుంటే విశాఖపట్నం హాస్టల్లో జయంత్‌కి మెలకువ వచ్చేది. మూడేళ్ళు నోరు కట్టేసుకున్న మనిషి ఇప్పుడు ఊరుకుంటుందా? టిఫిను తింటోంది, భోజనం తింటోంది, మధ్యలో జంతికలు తింటోంది, వీధి అరుగు మీద కూర్చుని కబుర్లు చెబుతోంది. ఆవిడ దినచర్య మొత్తం జయంత్‌కి దవడలో తెలుస్తోంది. సినిమాకి వెళ్తే సరిగ్గా ఇంటర్వెల్లో కొడుతోంది. ముసలమ్మ కాసేపు నోరు మూసుకోదేం అని ఒకరోజు పైకే అన్నాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు గానీ, మాట వాపసు తీసుకోలేదు.

దారి కనిపెట్టినవాడు లోహిత్. హాజరుకి వేలిముద్ర యంత్రం పెట్టినప్పుడు జిగురు కరిగించి నకలు వేళ్ళు తయారుచేసింది అతనే. పట్టీని రెండు రోజులు పరీక్షగా చూసి, దానికి కావలసింది ఒంటి వేడీ నాడీ మాత్రమేననీ, అవి ఎవరివన్న పట్టింపు దానికి లేదనీ తేల్చాడు. అంటే ఒకే తల మీద రెండు పట్టీలు కూడా పనిచేస్తాయి. ప్రాక్సీ వెయ్యడం తెలిసిన కుర్రాడికి తప్ప ఇంకెవరికీ తట్టే సంగతి కాదు అది. ఆరేళ్ళు కష్టపడిన సత్యారావుకి తట్టలేదు.

మొదట నిఖిత మిడ్ పరీక్షలకి చదవలేకపోతున్నానని, పరీక్షలయ్యేదాకా పెట్టుకోమని తన పట్టీని కనకానికి ఇచ్చింది. కనకం చాలాసేపు ఆ పట్టీ వైపు చూసింది. పుచ్చుకోకపోతే నిఖిత తీసి బల్ల సొరుగులో పడేస్తుంది. గంటలో లైన్ పోతుంది. పలాసలో అరుగు మీద కబుర్లాడుతున్న తల్లి మాట మధ్యలో ఆగి, చెంప పట్టుకుని కూలబడుతుంది. కనకం పట్టీ పుచ్చుకుని రెండో చెవి వెనక అంటించుకుంది. నాలుగో రోజున లోహిత్, ఆరో రోజున జయంత్. పరీక్షలయిపోయాయి. పట్టీలు మాత్రం ఎవరూ వెనక్కి అడగలేదు. కనకం అడిగింది. జయంత్ రేపు చూద్దాం అన్నాడు. తరవాత ఆమె ఎదురొస్తే మొహం చాటేయడం మొదలుపెట్టాడు.

నాలుగు వాటాలు కనకం మీద పడ్డాయి. ఆమె తల చుట్టూ చున్నీ కట్టుకుని తిరగసాగింది. తరగతిలో ఫ్యాన్ కింద బెంచీ మానేసి మూలకి జరిగింది. ఏదైనా అడిగితే నోట్సులో రాసి చూపించేది. అన్నం మానేసి గంజిలో స్ట్రా వేసుకునేది. రోజూ సాయంత్రం నరసమ్మ ఫోన్ చేసేది. మూడేళ్ళ మాటలు దాచుకున్న మనిషి, గంటసేపు చెప్పేది. మేనత్త కూతురి పెళ్ళి కబుర్లు, కార్ఖానాలో మళ్ళీ పనికి రమ్మంటున్నారన్న సంగతి, కొత్తగా పెంచుకుంటున్న కోడిపెట్ట సంగతి. తల్లి దవడ కదిలిన ప్రతిసారీ కూతురి దవడలో తీగ మండేది. తల్లి పలికే ప్రతి మాటా కూతురికి దెబ్బే. కనకం ఒక్క రోజు కూడా ఫోన్ పెట్టెయ్యలేదు. ఊఁ కొడుతూ, గోడకి నుదురు ఆనించి, ఆవిడ ఆపేదాకా వినేది. జయంత్ ఒకసారి హాస్టల్ గేటు దగ్గర అది చూశాడు. చూసి, వేరే దారిన వెళ్ళాడు.

తల్లికి చెప్పొచ్చు కదా అని నిఖితే ఓసారి అడిగింది. చెబితే మా అమ్మ పట్టీ పీకేస్తుంది అని కనకం నోట్సులో రాసి, ఆ కాయితం చింపేసింది.

రెండో రివ్యూలో సత్యారావు సార్ నాలుగు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చూశాడు. నాలుగూ అచ్చు ఒకటే. ఒకే గుండె నాలుగుసార్లు కొట్టుకుంటున్నట్టు. ఆయన కనకం చున్నీ వైపు చూశాడు, తక్కిన ముగ్గురి ఖాళీ కణతల వైపు చూశాడు. కనకం కళ్ళలో ఏదో ఆశ కదిలింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, జయంత్‌ని పక్కకి పిలిచాడు. ఈ పేపరు ఆయన ఆరేళ్ళ కష్టం. ఈ ఏడాది అచ్చు కాకపోతే ఆయన ప్రమోషన్ ఫైలు కిందకి పోతుంది.

"ల్యాబ్ రికార్డు కాపీ కొట్టేటప్పుడు రీడింగులు కాస్త అటూ ఇటూ మారుస్తారు కదా. ఆ మాత్రం తెలివి ఇక్కడ ఏమైంది?" అన్నాడు.

జయంత్ ఆ పని ఒక్క పూటలో చేసేశాడు. మూడు గీతల్ని తలో రెండు నిమిషాలు జరిపాడు, ఎత్తులు కొంచెం తగ్గించాడు పెంచాడు. థీసిస్‌లో అతను సొంత చేతులతో చేసిన మొదటి పని అది. పని బాగా కుదిరిందని సంతోషించాడు కూడా.

తొంభై రోజులు ఏప్రిల్లో నిండుతాయి. నిండాక పూర్తయినట్టు ఫారం పెట్టాలి, వైవా జరగాలి, మార్కులు ఎక్కాలి. మార్కులు ఎక్కిన రోజున మనుషుల మీద ప్రయోగానికిచ్చిన అనుమతి ముగుస్తుంది. సర్వర్ లైన్ మూసేస్తారు, పట్టీలు వచ్చే ఏడాది బ్యాచ్‌కి వెళ్ళిపోతాయి. నాలుగేళ్ళలో ఒక్క పనీ గడువు దాటనివ్వని కనకం, ఈ థీసిస్ పూర్తి కాకుండా చూడ్డానికి నానా తంటాలూ పడింది. అధ్యాయాలు తిరగరాసింది. బొమ్మల నంబర్లు తప్పున్నాయని ప్రింటు వెనక్కి తెప్పించింది. చివరికి రూల్సు పుస్తకంలో ఒక దారి దొరికింది. నలుగురూ సంతకం పెడితే థీసిస్‌ని ఆర్నెల్లు పొడిగిస్తారు. ఆ ఆర్నెల్లూ లైన్ ఉంటుంది. ఈలోగా సత్యారావు సార్ ఆస్పత్రుల్లో వాడే అనుమతి కోసం పెట్టిన అర్జీ తేలిపోవచ్చు, తేలితే పట్టీలు అమ్మకే ఉండిపోతాయి.

ఆ ఫారం పట్టుకుని లైబ్రరీలో జయంత్ ఎదురుగా వచ్చి కూర్చుంది. నోట్సులో అప్పటికే రాసుకొచ్చింది. 'పట్టీలన్నీ నేనే పెట్టుకుంటాను. మీరు రానక్కర్లేదు. సంతకం ఒక్కటి చాలు.' లోహిత్, నిఖిత సంతకాలు ఖాళీగానే ఉన్నాయి. జయంత్ పెడితే వాళ్ళూ పెడతారు. ముగ్గురిలో ముందు నడిచేది ఎప్పుడూ అతనే.

"నాకు జూలైలో జాయినింగ్ ఉంది కనకం. పోతుంది," అన్నాడు జయంత్.

ఆమె నోట్సు వెనక్కి లాక్కుని, 'కంపెనీని ఒక్కసారి అడుగు' అని రాసింది. అక్షరాలు వంకరపోయాయి. చెంపలో ఏదో కొట్టినట్టు కళ్ళు మూసుకుని, తెరిచి, చేతులు జోడించింది.

అతను అడిగాడు. అది నిజం. మర్నాడే జవాబొచ్చింది. జనవరి బ్యాచ్‌లో చేరవచ్చు, జీతంలోగానీ హోదాలోగానీ మార్పుండదు, కాలేజీ నుంచి ఒక ఉత్తరం తెస్తే చాలు అని. జయంత్ దాన్ని రెండుసార్లు చదివాడు. తోటివాళ్ళందరూ బెంగుళూరు వెళ్ళి అక్కడి ఫొటోలు పెడుతుంటే తను ఆర్నెల్లు ఇంట్లో కూర్చోవాలి. వచ్చినవాళ్ళందరికీ మావాడి థీసిస్ పూర్తి కాలేదు అని నాన్న చెప్పుకోవాలి. అంతకు మించి అతనికి పోయేది ఏమీ లేదు. ఆ జవాబుని ఫోన్లోంచి తీసేశాడు. కనకంతో, కుదరదన్నారు అని చెప్పాడు.

పొడిగింపుకి నాలుగు సంతకాలు కావాలి. పూర్తి చెయ్యడానికి మూడు చాలు, దాంతోపాటు ప్రయోగంలో పాల్గొన్న రోగి సంతకం. కనకం తల్లి చేత సంతకం తేనంది. అయితే నేను తెస్తాను సార్ అన్నాడు జయంత్. సత్యారావు సార్ తలెత్తకుండానే ఫారం అతని వైపు జరిపాడు.

ల్యాబ్‌లో పాడైపోయి పడున్న పట్టీ ఒకటి తీసుకుని, రైలు దిగే ముందు చెవి వెనక అంటించుకున్నాడు. పలాసలో నరసమ్మ ఇల్లు కనుక్కోవడానికి అయిదు నిమిషాలు పట్టింది. అతన్ని గుమ్మంలో చూసి ఆవిడ ఒక్క క్షణం పోల్చుకోలేదు. పట్టీ చూశాక చెంబుతో నీళ్ళు తెచ్చి తనే కాళ్ళ మీద పోసింది. వద్దంటుంటే వినలేదు. మనిషి ఒళ్ళు చేసింది. నుదుట రూపాయి కాసంత బొట్టు పెట్టుకుంది. మొహం మీద చెయ్యి వెయ్యలేక మూడేళ్ళు మానేశానని చెప్పింది.

భోజనం పెట్టింది. అన్నం మెత్తగా వండి, పప్పు గుజ్జులా మెదిపి, పెరుగు కలిపింది. మామిడికాయ ముక్క ఏదీ వడ్డించలేదేమా అని జయంత్ చూస్తుంటే ఆవిడే చెప్పింది.

"గట్టివి నమిలితే నీకు నొప్పెడతాది కదా బాబూ. నాను కూడా ఇప్పుడు ఎడం పక్కనే నములుతన్నాను. జంతికలు మానేశాను. మీరు నలుగురూ చదువుకునే పిల్లలు, నా తిండి మీకు బాధ కాకూడదు కదా."

జయంత్ ముద్ద మింగాడు. పర్వాలేదమ్మా అన్నాడు. ఆవిడ దగ్గరగా వచ్చి, ఎక్కడ నొప్పెడతాది అని అడిగింది. అతను కుడి చెంప చూపించాడు. నరసమ్మ వేలి కొసతో, తాకీ తాకనట్టు, అతని చెంప మీద రాసింది. అతను కళ్ళు చిట్లించి, పళ్ళ సందున గాలి పీల్చాడు. చక్కగా నటించాడు. ఆవిడ కాలినట్టుగా వేలు వెనక్కి తీసుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు నిండిపోయాయి.

"కన్నకొడుకు కూడా ఇంత సెయ్యడు బాబూ," అంది.

జయంత్‌కి ఆ క్షణంలో సిగ్గేసింది. లేచి వెళ్ళిపోదామనిపించింది కూడా. కానీ రైలు నాలుగున్నరకి ఉంది, ఫారం సంచీలోనే ఉంది. తీసి పీట మీద పెట్టాడు. ఇదేం కాయితం అని ఆవిడ అడిగితే, కనకానికి డిగ్రీ రావాలంటే మీ సంతకం కావాలి, అన్నాడు. ఒక్క మాటా అబద్ధం కాదు. మా గుంట డిగ్రీ కాయితమా అని నరసమ్మ చెయ్యి కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, పెదాలు కదుపుతూ ఒక్కో అక్షరమే పేర్చి సంతకం పెట్టింది. కింద తేదీ అతనే వేశాడు. ఏటైనా అవసరమైతే ఉంటుందని అతని ఫోన్ నంబరు గోడ మీద క్యాలెండరుకి రాయించుకుంది. వచ్చేటప్పుడు జీడిపప్పు పొట్లాలు మూడు చేతిలో పెట్టింది, ముగ్గురికీ తలో ఒకటి.

వైవా ఏప్రిల్ ఇరవై మూడున. కూతురికి ఆఖరి పరీక్ష అని నరసమ్మ పొద్దుటి నుంచీ వీధిలో ప్రతి గడపా తొక్కి చెబుతోంది. ఆ సంగతి ఎవరూ ఫోన్ చేసి చెప్పనక్కర్లేదు, కనకం మొహంలోనే తెలుస్తోంది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గెస్ట్‌హౌస్‌లో బిర్యానీ తిని, నిద్రకళ్ళతో వచ్చి కూర్చున్నాడు. థీసిస్ ఎవరు వివరిస్తారు అని అడిగాడు. కనకం ముందుకొచ్చి నోరు తెరిచింది. మాట రాలేదు. కుడి కంటి నుంచి ధారగా నీళ్ళు కారాయి. భయపడకమ్మా అని ఎగ్జామినర్ నవ్వి, నువ్వు చెప్పు అని జయంత్ వైపు చూశాడు.

జయంత్ గొంతు బాగుంటుంది. థీసిస్ మొత్తం రైల్లో చదివాడు. కనకం రాసిన వాక్యాల్ని తడబడకుండా, చేతులు కదుపుతూ, తనకి తట్టినట్టే చెప్పాడు. చివర్లో ఎగ్జామినర్, మీ పరికరంలో లోపం ఏమిటి అని అడిగాడు. ఇది మోసే మనుషులు ఉన్నంతవరకే పనిచేస్తుంది సార్, అన్నాడు జయంత్. ఎగ్జామినర్‌కి ఆ మాట నచ్చింది. కాయితం మీద రాసుకున్నాడు కూడా. జయంత్‌కి తొంభై ఆరు. లోహిత్, నిఖితలకి ఎనభైలు. కనకానికి యాభై రెండు, తన పని తను చెప్పుకోలేకపోయింది కాబట్టి.

ఎగ్జామినర్ టీకి లేచాక సత్యారావు సార్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కనకం అడ్డం వచ్చి బల్ల పట్టుకుంది. ఆయన ఆమె వైపు చూడకుండా మార్కులు ఎక్కించి, లైన్ మూసే బటన్ నొక్కాడు. మూడు గంటల నలభై నిమిషాలు. టైటిల్ పక్కన పోర్టల్లో 'పూర్తయింది' అని ఆకుపచ్చగా వచ్చింది.

కనకం దవడ వదులైంది. బిగుసుకుపోయిన మెడ వాలింది, భుజాలు కిందకి దిగాయి. డెబ్భై రోజుల తరవాత ఒళ్ళు హాయిగా ఊపిరి తీసుకుంది. హమ్మయ్య, దాని మొహం చూడండి ఎంత తేటగా అయిందో, అంది నిఖిత. ఆ హాయి ఎక్కడి నుంచి వచ్చిందో కనకానికి తెలుసు. తన ఒళ్ళు సుఖపడుతున్నందుకు దాన్ని చీల్చుకోవాలన్నట్టు చెంపని గోళ్ళతో పట్టుకుంది. చున్నీ విప్పి నాలుగు పట్టీలూ ఒక్కొక్కటే పీకి బల్ల మీద పెట్టింది. ఫైలు తెరిచి తల్లి సంతకం చూసింది, కింద తేదీ వేసిన చేతిరాత చూసింది. ఆ చేతిరాతలోనే నాలుగేళ్ళు రికార్డులు రాసిపెట్టిన పిల్ల ఆమె.

"మా అమ్మకి ఏమని చెప్పావు?" అంది.

జయంత్ ఫైలు తన వైపు లాక్కున్నాడు. ఆవిడే సంతోషంగా పెట్టింది అన్నాడు. కనకం బ్యాగు కూడా తీసుకోకుండా స్టేషన్‌కి పరుగెత్తింది. పలాసకి రైలు అయిదున్నరకి గానీ లేదు.

కింద పోర్టికోలో బ్యాచ్‌లన్నీ గైడులతో ఫొటోలు దిగుతున్నాయి. జయంత్ మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"నరసమ్మ పక్కింటిదాన్ని బాబూ. కనకం ఫోను ఎత్తనేదు. క్యాలెండరు మీద నీ నంబరు సూపించి సెయ్యమంది," అంది ఒకావిడ. "ఇందాక అరుగు మీద మాటాడతా మాటాడతా పడిపోనాది. మల్లీ మునపట్లాగే వొచ్చేసింది. నోరు తెరవనేదు, తువ్వాలు సుట్టేసుకుంది. కాయితం మీద రాస్తన్నాది, నాను సదువుతన్నాను. నా నొప్పి మోస్తన్న పిల్లలకి ఏటో అయిపోనాది, అందుకే ఇది నాకాడికి తిరిగొచ్చేసింది అని ఒకటే బెంగ. నీకేటీ అవనేదు కదా బాబూ?"

జయంత్ మెట్టు మీద ఆగిపోయాడు.

"నాకేమీ కాలేదండీ. బాగున్నాను," అన్నాడు.

పక్కింటావిడ ఫోన్ పక్కకి పెట్టి కేకేసింది. బాగున్నాడంట నరసమ్మా, ఏటీ అవనేదంట, పిల్లలందరూ బాగున్నారంట. అవతల పెన్సిలు గీస్తున్న చప్పుడు లాంటిదేదో వినిపించింది.

"దణ్ణం పెడతన్నాది బాబూ. ఏడిస్తే సెంప మండుతాదని ఏడుపు కూడా ఆపుకుంటన్నాది. నువ్వు బాగున్నావు, అది సాలంట. మల్లీ ఎప్పుడు మొదలెడతారు అని రాసింది."

కిందనుంచి లోహిత్ రమ్మని చెయ్యి ఊపాడు. సత్యారావు సార్ మధ్యలో నిలబడి, పక్కన జయంత్ కోసం చోటు ఉంచాడు.

"రెండు రోజుల్లో అని చెప్పండి," అన్నాడు జయంత్. ఫోన్ జేబులో పెట్టుకుని, జుట్టు సర్దుకుని, ఫొటోలోకి వెళ్ళి నిలబడ్డాడు.